పెరటి మట్టికి ఊయల జల్లెడ

ధాన్యమును చేటతో చెరుగుట, పిండిని జల్లించుట మన యిండ్లలో నిత్యకృత్యములు. బియ్యములో ఒక్క మట్టిబెడ్డ కనబడినను ఏరిపారవేయనిదే ఎసరులో పోయము. కాని ఆ అన్నముతో తినవలసిన కూరలను పండించు మట్టిని మాత్రము, అందులో రాళ్ళున్నను, తుంగగడ్డలున్నను, ఉన్నదున్నట్లుగానే వాడుచుందుము. విత్తనము మంచిది కాదనియో, నీరు చాలలేదనియో, తుదకు తమ చేయి మంచిది కాదనియో భావించి పెరటిసేద్యమును మానుకొనువారు ఎందరో కలరు. వారిలో పలువురి కష్టమునకు మూలము మట్టిలోనే యున్నది. ఆ మట్టిని శుభ్రపరచుటకు తగిన జల్లెడను ఇంటివద్దనే ఎట్లు కట్టుకొనవచ్చునో ఇక్కడ వివరింపదలచితిమి.

చీడికాడను ఉదాహరణముగా తీసికొందము. ఇది తూర్పు కనుమలకు చేరువలో నున్న మండల కేంద్రము. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, పిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరినది. బొడ్డేరుపై కట్టిన కోనాము జలాశయము ఈ మండలములోనిదే. ఈ ప్రాంతమున ఎఱ్ఱనేలలే అధికము. కొండవాలులనుండి దిగు నీరు మట్టితోపాటు గులకరాళ్ళను గూడ దొర్లించుకొని వచ్చును. ఇక ఇంటిపెరడన్నచో, ఇల్లు కట్టిననాటి ఇటుకముక్కలు, పెంకులు, తుప్పుపట్టిన మేకులు సైతము అందే కలిసిపోయి యుండును.

రాయి యంతయు శత్రువని మా అభిప్రాయము కాదు. వాలునేలలో పైనున్న రాళ్ళు వానదెబ్బను తట్టుకొని మట్టి కొట్టుకొనిపోకుండ కాపాడును. వంగ, బెండ వంటి మొక్కలు కొద్దిపాటి రాళ్ళను లెక్కచేయవు. కాని ముల్లంగి, కారెట్టు వంటి దుంపజాతులకు దారిలో రాయి తగిలినచో దుంప రెండుగా చీలును, లేదా వంకర తిరుగును. నారుమడిలో రాయి క్రింద పడిన చిన్నవిత్తనము మొలకెత్తినను పైకి రాలేదు.

రాయికంటె మొండిది తుంగ. ప్రపంచములోని కలుపుమొక్కలలో అన్నిటికంటె చెడ్డది ఇదేయని 1977లో వెలువడిన ఒక ప్రసిద్ధ గ్రంథము దీనికి ప్రథమస్థానము నిచ్చినది. దీని బలమంతయు నేలలోపలనే యున్నది. సన్నని తీగలవంటి కాడలతో ఒక గడ్డకు మఱియొక గడ్డ గొలుసువలె అల్లుకొని యుండును. ఆ గొలుసు చెక్కుచెదరకున్నంతకాలము కొనగడ్డ తక్కినవానిని చాలవఱకు నిద్రపుచ్చి యుంచును. బొరిగెతో చెక్కినప్పుడు గొలుసు తెగి, నిద్రించుచున్న గడ్డలు ఒక్కొక్కటి మొలకెత్తును. తీసినకొలది తుంగ పెరుగుచున్నదని మన పెద్దలు విసుగుకొనుటకు కారణమిదియే. గడ్డలలో అధికభాగము పైనున్న జానెడు లోతులోనే యుండును గావున, ఆ మేరకు మట్టిని త్రవ్వి జల్లించినచో గడ్డలను గొలుసులతో సహా ఏరివేయవచ్చును.

తాపీపనివారు ఇసుకను జల్లించుటకు ఏటవాలుగా నిలిపిన జాలిని వాడుదురు. పొడి యిసుకకు అది చాలును. వేళ్ళు కలసిన మట్టికి అది అంతగా పనికిరాదు. వాలు తక్కువైనచో మట్టి జాలిపైననే నిలిచిపోవును. ఎక్కువైనచో మంచి మట్టి గూడ రాళ్ళతో పాటు జారిపోవును. చేతజల్లెడతో నడుము నొప్పిపుట్టును. అందువలన ఊయలవలె వ్రేలాడు జల్లెడ ఇంటిపనికి మేలు. బరువును త్రాళ్ళు మోయును. మనము ఊపిన చాలును.

దీనికి అంగుళము మందము, ఆరంగుళముల వెడల్పు గల పలకలు నాలుగు కావలెను. రెండు పలకలు 4 అడుగుల పొడవు, రెండు 2 అడుగుల పొడవు ఉండవలెను. పొడవు పలకల కొనలనుండి అర అడుగు లోపలికి పొట్టిపలకలను బిగించినచో, 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల చట్రము ఏర్పడును. వెలికివచ్చిన కొనలు పిడులగును. మూలలకు మామూలు మేకులు కాక మరమేకులు బిగింపవలెను. ఊపులకు మామూలు మేకులు వదులగును.

చట్రము అడుగున అరంగుళపు కన్నులు గల ఇనుప జాలిని పరచవలెను. కోళ్ళగూళ్ళకు వాడు పలుచని వల బరువునకు సాగిపోవును గాన, అంగళ్ళలో వెల్డుమెష్ అని అమ్మెడు గట్టిజాలినే కొనవలెను. జాలి అంచులపై సన్నని కొయ్యపట్టీలను వేసి మేకులు కొట్టినచో, జాలి ఊడిరాదు, తీగమొనలు చేతికి గ్రుచ్చుకొనవు. జాలి క్రిందుగా అడ్డముగా రెండు ఇనుపచువ్వలను బిగించినచో నడుమ క్రుంగదు.

ఇక నిలువుకట్టు. 8 అడుగుల సరుగుడు బాదులను రెండేసి చొప్పున కత్తెరవలె కట్టి, 6 అడుగుల ఎడముగా నిలిపి, కాళ్ళను అడుగు లోతున పాతవలెను. రెండు కత్తెరలపై ఒక దూలమును ఉంచి గట్టిగా కట్టవలెను. చట్రము నాలుగు మూలలకు నాలుగు త్రాళ్ళు కట్టి, నడుము ఎత్తుకు కొంచెము దిగువగా దూలమునుండి వ్రేలాడదీయవలెను. పెరటిలో బలమైన మామిడికొమ్మ యున్నచో ఈ కట్టుతో పనియే లేదు. క్రింద ఒక పాతగోనెను పరచిన చాలును.

మట్టి పదును చూచుకొనుట ముఖ్యము. పిడికెడు మట్టిని నొక్కినప్పుడు ముద్దకట్టి, వ్రేలితో తాకగానే విడిపోయినచో అది తగిన పదును. చేతికి అంటుకొనునట్టి తడిమట్టి జాలి కన్నులను పూడ్చును. ఎండి దుమ్మెగురు మట్టిని జల్లించినచో దాని గుల్లతనము చెడును. పిమ్మట వానకు పైన పెచ్చుకట్టి మొలకలను అణచును. వేసవిలో ఒక జల్లు పడిన రెండుమూడు దినములకు ఈ పని చేయుట మంచిది. ముక్కుకు గుడ్డ, కాళ్ళకు చెప్పులు, చేతులకు తొడుగులు అవసరము. మట్టిలో ధనుర్వాతపు క్రిములుండును, వయ్యారిభామ యున్నచోట చర్మమునకు దురదలు పుట్టవచ్చును.

శ్రమ ఎంతయో ముందుగా లెక్కించుకొందము. 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల మడిని అర అడుగు లోతున త్రవ్వినచో 20 ఘనపుటడుగుల మట్టి వచ్చును. దాని బరువు ఇంచుమించు 7 క్వింటాళ్ళు. తట్టకు 15 కిలోల వంతున దాదాపు 50 తట్టలగును. ఇది ఒక ఉదయపు పని కాదు. రోజునకు పది తట్టల చొప్పున చేసికొన్నచో ఇంటిల్లిపాదికి అలసట లేక అయిదు దినములలో ముగియును. తోటయంతయు జల్లింపనక్కరలేదు, నారుమడికి, దుంపమడికి, తుంగ ముదిరినచోటికి చాలును.

తుంగ బలిసిన మట్టిని ఒకసారి అరంగుళపు జాలితోను, మరల పావంగుళపు జాలితోను జల్లింపవలెను. చిన్నగడ్డలు మొదటి జాలినుండి జారిపోవును. ఏరిన గడ్డలను పెంటపోగులో వేసినచో ఎరువుతో మరల మడికి చేరును. వానిని బండపై పలుచగా పరచి, మండుటెండలో పెళుసెక్కువఱకు ఎండబెట్టవలెను. ఈ తుంగముస్తలు ఆయుర్వేద ఔషధములలో వాడబడునవియే గాని, మన మడిలో వానికి చోటు లేదు. రాళ్ళను మాత్రము పారవేయవద్దు. నడకబాటకో, నూతివద్ద బురద పోవుటకో అవి ఉపయోగపడును.

జల్లెడకు గూడ ఒక మేర కలదు. సన్నని కలుపువిత్తులు ఏ జాలికిని చిక్కవు. అందుచేత జల్లించిన మడికి ఒక తడి పెట్టి, పది దినములు ఆగి, మొలిచిన కలుపును పైపైన చెక్కివేసి, అప్పుడు విత్తుకొనవలెను. మట్టిలో ఐదవవంతు రాళ్ళుగా పోయినచో, మన లెక్కలోని మడిలో 4 ఘనపుటడుగుల వెలితి ఏర్పడును. ఆ వెలితిని బాగుగా చివికిన పశువుల ఎరువుతో నింపవలెను. పచ్చియెరువులో మరల కలుపువిత్తులుండును. కావున ఎరువును గూడ అదే ఊయలలో ఒకసారి ఊపి మడికి చేర్చుట ఉత్తమము.

ఒక మడిని ఇట్లు సిద్ధము చేసి, ప్రక్కనే జల్లింపని మడిలోను అదే ముల్లంగి విత్తనమును అదేనాడు విత్తి చూడుడు. రెండింటినుండి పెఱికిన దుంపలను ప్రక్కప్రక్కన పెట్టినచో, పడిన శ్రమకు ఫలమెంతయో మీకే తెలియగలదు.