క్వార్టర్ టు సెవెన్ అంటే ఆరు ముప్పావా, పావు తక్కువ ఏడా?

హోసూరు వైపు మా ఇంట్లో 6.45ని "ఆరుముక్కాలు" అనేవాళ్ళు. బళ్ళో తెలుగు అయ్యవారు "పావు తక్కువ ఏడు" అనేవారు. ఇంగ్లీషు మాస్టారు "క్వార్టర్ టు సెవెన్" అని రాయించేవారు. ఈ మూడూ ఒకటేనని నా బుర్రకు ఎక్కడానికి చాలా రోజులే పట్టింది. "సెవెన్" అని వినపడగానే ఏడు దాటిపోయిందనుకునేవాణ్ణి. ఈ మాట మీద నాకు పట్టింపు రావడానికి ఇంకో కారణం ఉంది, అది తర్వాత చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. తమిళంలో ఆరేకాల్, ఆరరై, ఆరేముక్కాల్. కన్నడంలో ఆరూకాలు, ఆరూవరె, ఆరూముక్కాలు. అంటే ఏడు కొట్టేదాకా ఆరును వదలరు, దాని మీద పావు, అర, ముప్పావు కలుపుకుంటూ పోతారు. మరాఠీ దారి వేరు. సవ్వా సహా అంటే 6.15, సాడేసహా అంటే 6.30, పావణేసాత్ అంటే 6.45. సాత్ అంటే ఏడు కదా, పావు తక్కువైన ఏడన్నమాట. ఒడియాలో కూడా సవా, సాఢే, పఉణే అని ఇదే పద్ధతి.

ఇంగ్లీషు కూడా సగం దాకా వెనక్కి, ఆ తర్వాత ముందుకి చూస్తుంది. ముప్పై నిమిషాల వరకు "పాస్ట్", అంటే దాటింది. టెన్ పాస్ట్ సిక్స్, క్వార్టర్ పాస్ట్ సిక్స్, హాఫ్ పాస్ట్ సిక్స్. ముప్పై దాటిన నిమిషం నుంచి "టు", అంటే ఇంకా ఇంత ఉంది. ట్వెంటీ టు సెవెన్ అంటే 6.40. అమెరికా వాళ్ళు పాస్ట్ బదులు "ఆఫ్టర్" అనీ, టు బదులు "ఆఫ్" అనీ కూడా అంటారు. క్వార్టర్ ఆఫ్ సెవెన్ అంటే ఏడులో పావు కాదు, 6.45.

మన తెలుగుకు రెండు దారులూ ఉన్నాయి. ఆరూముప్పావు అనొచ్చు, పావు తక్కువ ఏడు అనొచ్చు. బయటి రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ళు చుట్టూ ఉన్న భాషను బట్టి ఒక దారి గట్టిగా పట్టుకుని రెండోది మరిచిపోతూ ఉంటారు. నేను చూసినంతలో ఇంగ్లీషు క్లాసులో తేడా అక్కడే వస్తుంది. షోలాపూర్ మనవాళ్ళ పిల్లలకి క్వార్టర్ టు సెవెన్ ఇట్టే ఎక్కుతుంది, అది వాళ్ళ పావణేసాతే. మా హోసూరు పిల్లలు మాత్రం ఆరును పట్టుకుని వేలాడతారు.

ఇప్పుడు ఆ సంగతి. ఎనభైల్లో నాకు షోలాపూర్‌లో పోస్టింగు. మగ్గాల మీద బతికే మన పద్మశాలీలు అక్కడ చాలామంది. ఒక పెద్దాయన పొద్దున్నే డబ్బు కట్టి, కూతురి కాలేజీ ఫీజుకి డిమాండు డ్రాఫ్టు అడిగాడు. "పావణేదోన్‌కి వస్తా సార్, తయారుగా పెట్టండి" అన్నాడు. నేను వెళ్ళి నెల కూడా కాలేదు. నా చెవికి పావు వినపడింది, దోన్ వినపడింది. రెండుంబావు అనుకున్నాను. డ్రాఫ్టు మీద సంతకం భోజనం తర్వాత పెట్టొచ్చులే అని బయటికి వెళ్ళాను. నేను తిరిగి వచ్చేసరికి 2.10. ఆయన 1.45కే వచ్చి కూర్చున్నాడు. పుణె వెళ్ళే రెండింటి బస్సు పోయింది. మర్నాడే ఫీజు కట్టే ఆఖరి రోజు. ఆ రాత్రి కూతురిని వెంటబెట్టుకుని ఎవరిదో లారీలో వెళ్ళాడని తర్వాత తెలిసింది. సీటైతే దక్కింది. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడు బ్రాంచికి వచ్చినా, ముందు గోడగడియారం వైపు వేలు చూపించి అప్పుడు మాట మొదలుపెట్టేవాడు. నేను కూడా ఆ రోజు నుంచి ఎవరు టైము చెప్పినా చీటీ మీద అంకెల్లో రాసి చూపించేవాణ్ణి.

అంకెల్లో రాసినా చిక్కు లేదని కాదు. 6.30 అని చుక్క పెట్టి రాస్తాం, కానీ అది దశాంశం కాదు. గంటల్లో లెక్కేస్తే ఆరున్నర, అంటే 6.5. ఓవర్‌టైము బిల్లుల్లో దీన్ని 6.3గా గుణించి తెచ్చినవాళ్ళని చూశాను, అదీ కామర్స్ చదివినవాళ్ళనే.

ఇక "ఓక్లాక్". ఇది "ఆఫ్ ద క్లాక్" అనే పాత మాటకి కుదింపు. నిండు గంటకే వాడాలి. సిక్స్ ఓక్లాక్ సరే, సిక్స్ థర్టీ ఓక్లాక్ అనకూడదు. ఈ క్లాక్ అన్న మాట పుట్టుక లాటిన్ "క్లొక్క", దానర్థం గంట, మోగే గంట. ఫ్రెంచిలో గంటని ఇప్పటికీ "క్లోష్" అంటారు, యానాంలో ఫ్రెంచి చదివిన పెద్దలకి ఇది తెలిసే ఉంటుంది. మన గంటా అంతే, తమిళుల మణీ అంతే, మోగేదాని పేరే కాలానికి వచ్చింది. మరాఠీలో "సహా వాజలే" అంటే ఆరు మోగాయి అనే.

అయితే మనకి గంట ఒక్కటే మాట కావడంతో ఇబ్బంది ఉంది. ఐదు గంటలకి వస్తాను, ఐదు గంటల్లో వస్తాను, తేడా అంతా చివరి విభక్తిలోనే. ఇంగ్లీషులో మొదటిది "ఎట్ ఫైవ్", రెండోది "ఇన్ ఫైవ్ అవర్స్". తెలుగు ఒక్క చోట మాత్రం ఈ రెంటినీ విడదీసింది: ఒంటిగంటకి రా, ఒక గంటలో రా. ఒంటి అంటే గడియారంలో ఒకటి, ఒక అంటే అరవై నిమిషాలు. ఇంత చక్కటి తేడా రెండు నుంచి ఎందుకు లేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

బ్యాంకులో ఎక్కువ తగువులు వచ్చింది "బై", "టిల్" దగ్గర. బై ఫైవ్ అంటే ఐదింటికల్లా. టిల్ ఫైవ్ అంటే ఐదింటిదాకా. ఎట్ ఫైవ్ అంటే సరిగ్గా ఐదింటికి. మన భాషలో ఈ ముక్క అంకె తర్వాత వస్తుంది కాబట్టి చెవి దాని కోసం ఆగుతుంది. ఇంగ్లీషులో ముందే వచ్చి వెళ్ళిపోతుంది, మనం అంకె ఒక్కటే పట్టుకుంటాం. అలాగే ఫోనులో "ఫైవ్ టు సెవెన్" అంటే 6.55 కావచ్చు, ఐదు నుంచి ఏడు దాకా కావచ్చు. ముందు "ఫ్రమ్" ఉంటేనే రెండోది ఖాయం.

రైలు టిక్కెట్టు మీద ఇరవైనాలుగు గంటల లెక్క. 15వ తేదీ 00.10 అంటే 14 రాత్రి భోంచేసి స్టేషనుకి వెళ్ళాలి. మన ఇళ్ళలో తెల్లారితేగానీ తేదీ మారదు కాబట్టి 15 రాత్రి పెట్టె సర్దుకుని వెళ్ళి వెనక్కి వచ్చినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు.

మొన్న మా చెల్లెలి కొడుకు జర్మనీ నుంచి ఫోను చేశాడు. బ్రిటిషు వాళ్ళు హాఫ్ సెవెన్ అంటే 7.30, అక్కడ "హాల్బ్ జీబెన్" అంటే 6.30 అట. మాట అదే, గంట తేడా. "చీటీ మీద రాసి చూపించమను" అన్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు 6.45ని ఏమంటారో ఒకసారి అడిగి చెప్పండి. గంజాం వైపు మనవాళ్ళు, కోయంబత్తూరు వైపు మనవాళ్ళు తప్పకుండా చెప్పాలి.