గోరంత గుర్రం... కొండంత ఓపిక!

పట్టుమని రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఒంటి నిండా గులాబీరంగు బుడిపెలు. అది తోక చుట్టుకుని కూర్చున్న పగడపు కొమ్మ మీదా అచ్చం అవే బుడిపెలు! ఎదురుగా ఉన్నా ఏది కొమ్మో ఏది జీవో పోల్చుకోవడం కష్టం. ఈ బుల్లి ప్రాణిని ఫొటో తీయడానికి దేశదేశాల నుంచి జనం ఇండోనేషియా వెళ్తారు. సిలిండరు వీపున కట్టుకుని, పాతిక మీటర్ల లోతుకు దిగి, ఒక్క కొమ్మ ముందు నిమిషాల తరబడి నిరీక్షిస్తారు.

ఇంతకీ ఏమిటది? పిగ్మీ సీహార్స్... అంటే మరుగుజ్జు సముద్రపు గుర్రం. 1969లో న్యూకలెడోనియాలో జార్జ్ బార్గిబాంట్ అనే ఆయన అక్వేరియం కోసం సేకరించిన పగడపు కొమ్మను పరీక్షిస్తుంటే అనుకోకుండా కంటబడింది. మరుసటేడాది దానికి ఆయన పేరే పెట్టారు. అన్నట్టు, సముద్రపు గుర్రాల్లో గర్భం మోసేది మగవే!

బురదలో మాణిక్యాలు

సులవేసీ దీవి ఉత్తర కొసన, బిటుంగ్ పట్టణం పక్కన ఉంది లెంబే జలసంధి. అడుగున తెల్లని ఇసుక, నీలాల నీళ్లు ఊహించుకుని దిగితే నిరాశే. అంతా అగ్నిపర్వతాలు కక్కిన నల్లటి ఇసుక. అక్కడక్కడా పాత డబ్బాలు, సీసాలు. కానీ ఆ సీసాల్లోనే ఆక్టోపస్‌లు కాపురముంటాయి. ఇసుకలో కప్పచేపలు, రంగురంగుల నూడిబ్రాంకులు... ఇవన్నీ చిన్న ప్రాణులే. అందుకే దగ్గరగా వెళ్లి తీసే మ్యాక్రో ఫొటోలకు లెంబే పుట్టిల్లు లాంటిది.

రంగుల దొంగ

నీళ్లలో ఫొటోకి మొదటి శత్రువు నీళ్లే. సూర్యకాంతిలోని ఎరుపును ముందుగా మింగేస్తాయి. అయిదారు మీటర్ల లోతుకే అది చాలావరకు మాయం. తర్వాత నారింజ, ఆపైన పసుపు. ఇరవై మీటర్ల దిగువన వేలు తెగితే రక్తం ఆకుపచ్చగా కనిపిస్తుందంటే ఆశ్చర్యమేగా! పోయిన రంగులు తిరిగి రావాలంటే వెలుగును వెంట తీసుకెళ్లాలి. ఆ పని చేసేదే స్ట్రోబ్... నీళ్లలో వాడే ఫ్లాష్ దీపం.

ఈ తంటాలు పాతవే. 1926లో లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో సముద్రం లోపలి తొలి రంగుల ఫొటో తీశారు. అందుకోసం నీళ్లపై తెప్పలో మెగ్నీషియం పొడి పేల్చారు! ఇప్పుడా పని గుప్పిట్లో పట్టే దీపం చేసేస్తోంది.

మరి కెమెరాలోనే ఫ్లాష్ ఉందిగా అంటారా? అది లెన్సుకు మరీ దగ్గర. నీళ్లలో తేలే నలుసులన్నీ దాని వెలుగుకు మెరిసి, ఫొటో మీద పిండి చల్లినట్టు తెల్లచుక్కలు పడతాయి. స్ట్రోబ్‌ను చిన్న కడ్డీకి బిగించి పక్క నుంచి వెలుగు పడేలా చేస్తే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. కెమెరా ఫ్లాష్ వెలగగానే సన్నని ఫైబర్ తీగ ద్వారా కబురందుకుని స్ట్రోబ్ కూడా వెలుగుతుంది.

చిన్నదే చింతామణి

దీనికి లక్షలు పోసి పెద్ద కెమెరా కొనక్కర్లేదు. జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరాతోనూ మంచి మ్యాక్రో ఫొటోలు తీయొచ్చు. సెన్సర్ చిన్నది కాబట్టి చేప కన్నూ మూతీ రెండూ స్పష్టంగా పడే అవకాశం ఎక్కువ. ఒలింపస్ టీజీ లాంటి రకాలైతే లెన్సుకు సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్నీ పట్టేస్తాయి. ఇంకా పెద్దగా కావాలంటే నీళ్లలోనే బిగించుకునే భూతద్దాలున్నాయి. షట్టర్ వేగం పెంచితే వెనకున్న నీళ్లు నల్లగా మారి ప్రాణి ఒక్కటే నగలా మెరుస్తుంది.

జాగ్రత్త అంతా కెమెరాకు తొడిగే హౌసింగ్ పెట్టె దగ్గరే. దాని మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక పడినా చాలు, నీళ్లు లోపలికొచ్చి కెమెరా చేతికి రాకుండా పోతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు ఖాళీ పెట్టెను బకెట్‌లో ముంచి బుడగలొస్తున్నాయేమో చూసుకుంటారు.

ముట్టుకుంటేనే ముప్పు

అసలు ప్రశ్న ఇప్పుడు. ఆ ఫ్లాష్ వెలుగుకి పాపం చేప కళ్లు పోవూ? శాస్త్రవేత్తలకూ ఇదే సందేహమొచ్చింది. 2019లో వెలువడిన ఓ అధ్యయనంలో సముద్రపు గుర్రాల కళ్లను పరీక్షిస్తే, ఫ్లాష్ వల్ల నష్టం కనిపించలేదు. వాటిని ఎక్కువగా కలవరపెట్టింది మనిషి చేయి! ముఖం ఇటు తిరగాలని పుల్లతో పొడవడం, మంచి నేపథ్యం కోసం పక్కకు జరపడం... ఇవే అసలు హింస. కొమ్మే ఇల్లయిన మరుగుజ్జు గుర్రానికి ఆ కొమ్మ విరిగితే నీడ ఉండదు. అందుకే మనిషికి కొన్ని ఫొటోలే అని ముందే షరతు పెట్టే గైడ్లూ ఉన్నారు.

కాబట్టి కెమెరా కన్నా ముందు నేర్చుకోవాల్సింది నీళ్లలో పైకి తేలకుండా, కిందికి మునగకుండా నిలకడగా ఉండటం. ఆ విద్య రానివాళ్ల కాలు తగిలి ఏళ్లతరబడి పెరిగిన పగడం క్షణంలో విరుగుతుంది. మన దేశంలోనే, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా శిక్షణ ఇస్తారు. అక్కడ మొదలుపెట్టొచ్చు.

గుర్రం తల తిప్పకపోతే? ఏముందీ, ఫొటో లేకుండానే పైకి వచ్చేయాలి. కళ్లారా చూసిన ఆనందం ఎలాగూ మనదే... కొమ్మ మాత్రం దానిది!