పచ్చ రక్తం స్పాక్‌గారి పుట్టుక

తల్లి భూలోకపు టీచరు, తండ్రి వల్కన్ గ్రహపు రాయబారి! 1966లో మొదలైన అమెరికన్ టీవీ సీరియల్ 'స్టార్ ట్రెక్'లో మిస్టర్ స్పాక్ పుట్టుక ఇదీ. మొనదేలిన చెవులతో లియొనార్డ్ నిమోయ్ ఆ పాత్రలో జీవించేశాడు. బాగానే ఉంది గానీ, అసలిది కుదిరే పనేనా?

గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకి 62. దగ్గర చుట్టాలే! అయినా వాటికి పుట్టిన కంచరగాడిదకి 63 వచ్చి, జతలు సరిగ్గా కుదరక వంశం దాదాపు అక్కడితో సరి. మరి వల్కన్లదేమో రాగితో పచ్చబడ్డ రక్తమాయె! దీనికంటే మనిషికీ మొక్కకీ సంకరం కుదరడమే తేలికని శాస్త్రవేత్త కార్ల్ సేగన్ వేళాకోళమాడాడు.

1993లో 'ది ఛేజ్' ఎపిసోడ్‌లో రచయితలు ఓ కిటుకు వేశారు. కోట్ల ఏళ్ల కిందట ఓ ప్రాచీన జాతి ఎన్నో గ్రహాల్లో తన విత్తనం చల్లిందట, కనక అంతా దాయాదులేనట! ఆ లెక్కన మనకీ తోటకూరకీ కూడా మూలపురుషుడు ఒకడే కదండీ.

సైన్సు సంగతి సరే. 1968లో నల్లజాతి తల్లికీ తెల్లజాతి తండ్రికీ పుట్టిన ఓ అమ్మాయి, తనని ఇటువాళ్లూ అటువాళ్లూ కలుపుకోవడం లేదని ఏకంగా స్పాక్‌కే ఉత్తరం రాసింది. నిమోయ్ ఓ పత్రికలో ఆ పిల్లకి ఓపిగ్గా, వివరంగా జవాబిచ్చాడు.