ఇల్లు చేరాక ఆగిపోయిన మాత్రలు

ఈసారి మేము మన సంఘ కుటుంబాలకు చెందిన ఒక జంట ప్రయాణం గురించి రాస్తున్నాము. వారి అనుమతి తీసుకున్నాము, పేర్లు మాత్రం చెప్పము.

అబ్బాయిది జగ్గయ్యపేట, అమ్మాయిది నందిగామ. (2022 నుంచి మనది ఎన్టీఆర్ జిల్లా అయినా, మా నోట ఇంకా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమనే వస్తుంది.) ఇద్దరికీ హైదరాబాదులో ఉద్యోగాలు. వీపున చెరో సంచీ తగిలించుకుని మూడు వారాలు గయానా దేశం తిరిగి రావాలనుకున్నారు. అది దక్షిణ అమెరికా ఉత్తర తీరంలో ఉన్నా, అలవాట్లలో కరీబియన్ దేశమే. క్లైవ్ లాయిడ్, చందర్‌పాల్ పుట్టిన దేశమంటే క్రికెట్ చూసేవారికి వెంటనే తెలుస్తుంది. జనాభా 8 లక్షలకు అటూ ఇటూగా ఉంటుంది. ఎక్కువమంది సముద్రతీరపు సన్నని పట్టీ మీదే నివసిస్తారు. చెరకు తోటల పనికి 1838 నుంచి 1917 వరకు మన దేశం నుంచి ఓడల్లో మనుషులను తీసుకెళ్ళారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. ఆ సంగతి చదివే ఈ జంటకు అక్కడికి వెళ్ళాలన్న ఆశ పుట్టిందట.

బయలుదేరడానికి నెలన్నర ముందు అమ్మాయి నాయనమ్మ ఇద్దరినీ మా ఓపీకి తీసుకొచ్చింది.

“సిస్టరమ్మా, వీళ్ళకేదో పచ్చ జ్వరం సూది వెయ్యాలంట. పచ్చకామెర్లకి పసరు పోయిస్తే సరిపోదా?”

మేము నవ్వలేదు. పేరు వింటే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఎల్లో ఫీవర్ మనవాళ్ళు చూసే పచ్చకామెర్ల వంటిది కాదు. అది దోమ వల్ల వచ్చే వైరస్ జ్వరం. ముదిరితే కాలేయం దెబ్బతిని కళ్ళు పచ్చబడతాయి, రక్తస్రావం అవుతుంది. మన దేశంలో ఆ జబ్బు లేదు. కానీ దాన్ని మోసే ఏడిస్ దోమ, మన నీళ్ళ తొట్లలో పెరిగి డెంగ్యూ తెచ్చే అదే దోమ, ఇక్కడ కావలసినంత ఉంది. అందుకే గయానా వంటి దేశాల నుంచి టీకా కార్డు లేకుండా వచ్చేవారిని మన విమానాశ్రయాల్లో 6 రోజుల వరకు విడిగా ఉంచుతారు.

ఆ టీకా మా వద్ద వేయము. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయాలి. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు వెళ్ళమన్నాము. వేసుకున్న 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. 2016 నుంచి ఒక్క డోసు జీవితకాలానికి సరిపోతుంది. అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా కనుక గర్భం గురించీ, గుడ్డు పడకపోవడం గురించీ ముందే చెప్పాలి. అమ్మాయిని పక్కకు పిలిచి నెలసరి వివరం అడిగాము. నాయనమ్మ ముందు అడిగితే నిజం రాదు.

మలేరియాకు మా డాక్టరుగారు ఇద్దరికీ డాక్సీసైక్లిన్ రాశారు. తీరంలో భయం తక్కువే గాని, లోపలి అడవుల్లో ఎక్కువ. రోజూ ఒక మాత్ర. అడవి ప్రాంతం వదిలి వచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి. చీటీ మీద ఆ మాట కింద రెండు గీతలు గీశాము.

వెళ్ళారు. జార్జిటౌన్‌లో సముద్రపు గోడ మీద నడిచారు. పోటు వేళ ఊరు సముద్రమట్టం కన్నా కిందికి ఉంటుంది, ఆ గోడే కాపుదల. మన చపాతీ వంటి రోటీ, పప్పు దొరికాయి గాని తెలుగు మాట్లాడేవారు దొరకలేదు. తరువాత మినీబస్సెక్కి, ఎస్సెక్విబో నదిని పంటు మీద దాటి, అడవి గుండా బ్రెజిల్ సరిహద్దులోని లెథెమ్ దాకా పోయి వచ్చారు.

తిరిగొచ్చిన పన్నెండో రోజు, జగ్గయ్యపేటలో అబ్బాయికి చలిజ్వరం వచ్చింది. రెండు రోజులు వైరల్ అనుకుని ఇంజెక్షన్లతో గడిపారు. మూడో రాత్రి మా వద్దకు తెచ్చేసరికి 104 డిగ్రీలు ఉంది, మాట తడబడుతోంది. టెంపరేచర్ రాస్తూనే డ్యూటీ సిస్టర్ అడిగింది, “ఈ నెలలో ఎక్కడికైనా వెళ్ళొచ్చారా?” అప్పటిదాకా ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. వెంటనే రక్తం స్లైడు తీయించాము. ఫాల్సిపారం మలేరియా! ఇంకొక రోజు ఆలస్యమైతే మెదడుకో, మూత్రపిండాలకో ఎక్కేది.

ఏమైందంటే, ఇల్లు చేరిన రోజే అతను మాత్రలు ఆపేశాడు. “ఇంటికొచ్చేశాం గదా సిస్టర్” అన్నాడు. కాలేయంలో దాగిన పరాన్నజీవి రక్తంలోకి దిగాక చంపడానికే ఆ 4 వారాలు. అమ్మాయి ఒక్కరోజూ మానలేదు. ఆమెకు ఏమీ కాలేదు. ఆర్టిమిసినిన్ రకం మందులతో అతను ఆరో రోజుకు నడిచి ఇంటికి వెళ్ళాడు. స్లైడు మళ్ళీ తీసి చూసి గాని మేము పంపలేదు.

గయానా వెళ్ళేవారు మనలో ఎందరుంటారని అడగవచ్చు. కానీ మన హైవే మీది లారీ డ్రైవర్లు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవి దారుల్లో రాత్రిళ్ళు నిద్రపోతారు. అక్కడా ఈ మలేరియానే ఉంది. జ్వరంతో ఏ ఆస్పత్రికి వెళ్ళినా, గత కొన్ని నెలల్లో ఏ ఊళ్ళు తిరిగారో మీరే ముందు చెప్పండి. మొదటి స్లైడులో కనబడకపోయినా, జ్వరం తగ్గకపోతే మళ్ళీ పరీక్ష చేయించమని అడగండి. వైవాక్స్ రకమైతే నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది.

మా ఓపీ చీటీలో ఇప్పుడు బరువు గడి పక్కన ఇంకొక గడి ఉంది. “ఊరు వెళ్ళారా? ఎక్కడికి?”