కుటుంబంలో పేగు క్యాన్సర్ ఉంటే మనకూ తప్పదా?

"మా నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. మేనత్త కూడా అదే జబ్బుతో పోయింది. ఇక నాకూ తప్పదా డాక్టరుగారూ?" అని అడిగేవారిని మేము చూస్తుంటాం. ఇది వంశానికి తగిలిన శాపమని కొందరు లోలోపల కుమిలిపోతుంటారు. ఇది శాపం కాదు.

పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం వంశపారంపర్యంగా వచ్చేవి కావు. పెరిగే వయసు, పొగాకు, మద్యం, స్థూలకాయం వంటివి ఆ ముప్పును పెంచుతాయి. అయితే ఈ జబ్బు వచ్చిన ప్రతి 100 మందిలో సుమారు ముగ్గురికి 'లించ్ సిండ్రోమ్' అనే జన్యులోపం పుట్టుకతోనే ఉంటుంది.

ఇది ఎలా బయటపడింది?

1895లో అమెరికాలోని మిషిగన్‌లో కుట్టుపని చేసే ఒక స్త్రీ, తమవాళ్లలో చాలామంది క్యాన్సర్‌తోనే పోయారనీ, తానూ అలాగే పోతాననీ డాక్టర్ ఆల్డ్రెడ్ వార్థిన్‌తో చెప్పింది. చివరికి ఆమె గర్భాశయ క్యాన్సర్‌తో మరణించింది. వార్థిన్ ఆమె బంధువుల వివరాలు సేకరించి 1913లో ప్రచురించారు. 1960లలో డాక్టర్ హెన్రీ లించ్ ఇలాంటి కుటుంబాలను పరిశీలించారు. కారణమైన మొదటి జన్యువును 1993లో గుర్తించారు.

శరీరంలో ఏం జరుగుతుంది?

కణం రెండుగా చీలేటప్పుడు అందులోని జన్యు సమాచారానికి నకలు తయారవుతుంది. నకలులో దొర్లిన తప్పులను దిద్దే జన్యువులు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకటి చెడితే తప్పులు పోగుపడి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. తల్లికి గాని తండ్రికి గాని ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, వచ్చే అవకాశం సగానికి సగం. సంక్రమించేది ముప్పే గాని జబ్బు కాదు. లోపం ఉన్న వారందరికీ క్యాన్సర్ రాదు.

ఎప్పుడు అనుమానించాలి?

- 50 ఏళ్లలోపే పెద్దపేగు లేక గర్భాశయ క్యాన్సర్ వచ్చినప్పుడు
- రక్తసంబంధీకుల్లో ఇద్దరు ముగ్గురికి ఈ క్యాన్సర్లు వచ్చినప్పుడు

వీలైతే ముందుగా జబ్బు వచ్చిన వారికే జన్యుపరీక్ష చేయించడం మంచిది. వారిలో లోపం కనబడితే మిగతావారికి అదొక్కటే వెదికితే చాలు. అది లేదని తేలినవారు ఈ లోపం విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు. వారి నుండి పిల్లలకూ రాదు. లోపం ఉన్నవారికి సాధారణంగా 20-25 ఏళ్ల నుండే, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలనోస్కోపీ చేస్తారు. పేగులో పాలిప్ అనే చిన్న కండ కనబడితే అది క్యాన్సర్‌గా మారకముందే తీసివేయవచ్చు.

దాచిపెట్టకండి

"బయటికి తెలిస్తే అమ్మాయికి సంబంధాలు రావు" అని జబ్బు పేరు దాచే కుటుంబాలున్నాయి. ఆ భయం మాకు అర్థమవుతుంది. ఊరందరికీ చెప్పమని మేము అనడం లేదు. కానీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, ఎదిగిన పిల్లలకు చెప్పకపోతే, ముందే పట్టుకోగలిగిన జబ్బు వారిలో ముదిరిపోవచ్చు.

ఇంట్లో పెద్దవారిని అడిగి ఎవరికి, ఏ అవయవానికి, ఏ వయసులో క్యాన్సర్ వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. బయాప్సీ రిపోర్టులు పారేయకండి. మలంలో రక్తం పడితే మొలలే అనుకొని ఊరుకోకండి. డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు ఆ కాగితం వెంట తెచ్చుకోండి.