తల్లిని చూచి పిల్ల: అర్బన్ సీ యను గోడిగ వృత్తాంతము

"పాడిని చూచి పశువును, తల్లిని చూచి పిల్లను" అని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ సామెతను మనము పెండ్లి సంబంధములు వెదకునపుడు తలంతుమే గాని, సంతలో పశువును కొనునపుడు తఱచుగా మఱచిపోవుదుము. దూడను చూడవచ్చినవారిలో అది యే ఆబోతునకు పుట్టినదని అడుగువారు పదిమంది యుందురు. ఏ యావుకు పుట్టినది, ఆ యావు ఎన్ని యీతలు ఈనినది, దాని వెనుకటి దూడలేమైనవి అని అడుగువాడు ఒక్కడైన నుండుట అరుదు. అడిగినను చెప్పగలవాడు అంతకంటె నరుదు. తల్లి గుణమును జాగ్రత్తగా వ్రాసి యుంచుకొనుటచే నెంతటి ఫలము కలుగునో తెలుపు నొక గోడిగ, అనగా ఆడుగుఱ్ఱము, కథను ఈ నెల మా పాఠకులకు వినిపింప దలచితిమి.

గుఱ్ఱపు పందెముల మాట యెత్తగానే కొందఱు సభ్యులు ముఖము చిట్లింతురని మే మెఱుగుదుము. పందెము కాయుట సంసారములను కూల్చు వ్యసనము. దానిని మేము ఎవ్వరికిని ఉపదేశింపము. కాని ఆ మైదానము వెనుక పశుపోషణ శాస్త్ర మొకటి యున్నది. అది మనకు పనికివచ్చునది.

పందెములకై పెంచు ఈ జాతి గుఱ్ఱములకు థరోబ్రెడ్ అని పేరు. ఇంగ్లండులోని గోడిగలకు తూర్పుదేశముల నుండి తెచ్చిన మగగుఱ్ఱములను దాటించి, పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో ఈ జాతిని సిద్ధము చేసిరి. 1791వ సంవత్సరమున జేమ్స్ వెదర్బీ యనునతడు ఈ గుఱ్ఱముల వంశావళి గ్రంథమును ఆరంభించెను. నాటినుండి నేటివఱకు పుట్టిన ప్రతి పిల్లకును తండ్రి యెవ్వడు, తల్లి యెవ్వతె యని వ్రాయుచునే యున్నారు. ఆ గ్రంథములో ప్రతి గోడిగ పేరును వ్రాసి, దాని క్రింద ఏయే సంవత్సరమున ఏయే పిల్లను ఈనినదో వరుసగా చూపుదురు. అది యొక విధముగా తల్లుల జమాఖర్చు పుస్తకమే.

జర్మనీదేశమున కొలోన్ నగర సమీపమున ష్లెండర్‌హాన్ అను ప్రాచీనమైన అశ్వశాల కలదు. ఆ అశ్వశాలవారికి 1978లో అల్లెగ్రెట్టా యను గోడిగ పుట్టెను. ఇంగ్లండులో పరుగెత్తి చిన్న విజయములను పొందినది గాని, పెద్ద పందెములలో దానికి ఖ్యాతి రాలేదు. దానిని అమ్మివేసిరి. అది అమెరికా చేరెను. అమ్మినవారు ఆనాటికి తాము చూచిన దానిని బట్టియే అమ్మిరి గనుక వారిని తప్పుపట్టుటకు వీలులేదు. కాని ఆ గోడిగ గర్భమున నేమున్నదో అప్పటికి లోకమునకు తెలియదు.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున 1989 ఫిబ్రవరిలో ఆ అల్లెగ్రెట్టాకు మిస్వాకీ యను మగగుఱ్ఱము వలన ఎఱ్ఱని వన్నెగల ఆడుపిల్ల యొకటి పుట్టెను. దానికే అర్బన్ సీ యని పేరిడిరి. ఫ్రాన్సుదేశమునకు తెచ్చి జాన్ లెబోర్ద్ అను శిక్షకుని యొద్ద నుంచిరి. యజమానులు ట్సుయి కుటుంబమువారు. అర్బన్ సీ మొత్తము 24 పందెములు పరుగెత్తి ఎనిమిదింట గెలిచెను. ఎన్నడును ఓడని గుఱ్ఱము కాదు. ఓర్పుతో దేశదేశములు తిరిగి పరుగెత్తిన గట్టి గుఱ్ఱము మాత్రమే.

పారిస్ నగరమున లోంగ్‌షాన్ మైదానములో ప్రతి సంవత్సరము అక్టోబరు మొదటి ఆదివారమున ఆర్క్ ద ట్రియోంఫ్ అను పందెము జరుగును. దాని దూరము 2400 మీటర్లు. ఐరోపాలో ఇంతకంటె గొప్ప పందెము లేదని చాలమంది యభిప్రాయము. 1993లో 23 గుఱ్ఱములు అందులో నిలిచెను. అర్బన్ సీ గెలుచునని నమ్మినవారు చాల తక్కువ. ఆమెపై పెట్టిన రూకకు ముప్పదిరెట్లకు పైగా వచ్చునట్లు ధర పలికెను. ఎరిక్ సాన్-మార్తాన్ అను రౌతు ఆమెను గుంపు నడుమ దాచి యుంచి, కడపటి తిన్నని దారిలో లోపలి యంచున సందు దొరకగానే వదలెను. వైట్ మజిల్ అను గుఱ్ఱము వెనుకనుండి తఱుముకొని వచ్చినను, మెడ పొడవు దూరముతో అర్బన్ సీయే గెలిచెను. మఱునాడు పత్రికలు దీనిని వింతగా వర్ణించెను. అదృష్టమని కొందఱనిరి. ఆ మాటకు సమాధానము చెప్పవలసినది ఆమె కడుపున పుట్టినవారు. అందుకు ఎనిమిదేండ్లు పట్టెను.

ఇచట పాఠకులు ఒక లెక్కను గమనింపవలెను. గోడిగ పదునొకండు నెలలు మోసి ఒక్క పిల్లను ఈనును. ఏడాదికొక్కటి చొప్పున, అన్నియు కలిసివచ్చినను, జన్మమున పది పదిహేను పిల్లలకు మించుట అరుదు. పేరుపొందిన మగగుఱ్ఱమో, ఒక్క ఋతువులోనే నూఱు గోడిగలకు పైగా దాటును. ఈ జాతిలో కృత్రిమ గర్భధారణమును నియమములు ఒప్పుకొనవు. అయినను తండ్రికి వందలకొలది సంతానము. వందలలో పది మేలైనవి వచ్చినచో తండ్రికి కీర్తి నిలుచును. తల్లికి ఆ వెసులుబాటు లేదు. కావున తల్లి గుణమును చాటుట కష్టము. చాటినచో అది కాకతాళీయమని కొట్టివేయుట అంతకంటె కష్టము.

అర్బన్ సీకి 1996లో తొలిపిల్ల పుట్టెను. 1997లో పుట్టిన మెలికా యను ఆడుపిల్ల, 2000 సంవత్సరమున ఇంగ్లండులోని ఓక్స్ పందెమున మూడవదిగా వచ్చెను. 1998లో సాడ్లర్స్ వెల్స్ వలన పుట్టిన మగపిల్లయే గలిలియో. ఎప్సమ్ అను ఊర 1780 మొదలు జరుగుచున్న డెర్బీని ఆతడు 2001లో గెలిచెను. ఆ యేడే ఐర్లండు డెర్బీని, కింగ్ జార్జి పందెమును గూడ గెలిచెను. గలిలియోకు తోడబుట్టిన బ్లాక్ శామ్ బెల్లమీ రెండు ప్రథమశ్రేణి పందెములను గెలిచెను. 2002లో పుట్టిన మై టైఫూన్ అను ఆడుపిల్లను, పాలు మఱచిన కొలదికాలమునకే, ఒక్క యడుగైన పందెమున వేయకమునుపే, వేలములో 18 లక్షల గినీలకు కొనిరి. గినీ యనగా 21 షిల్లింగుల ప్రాత లెక్క. అది గుఱ్ఱముల వేలములలో నింకను నిలిచియున్నది. ఆ ధర పిల్లకు గాదు. తల్లి పేరునకు ఇచ్చినది. ఆ పిల్ల 2007లో అమెరికాలో ప్రథమశ్రేణి పందెము గెలిచి ఆ ధరను నిలబెట్టెను.

2006లో కేప్ క్రాస్ అను మగగుఱ్ఱము వలన మఱియొక మగపిల్ల పుట్టెను. దానికి సీ ద స్టార్స్ అని పేరిడిరి. అది మూడేండ్ల ప్రాయమునకు వచ్చి, గొప్ప పందెములకు సిద్ధమగుచుండగా, 2009 మార్చిలో ఐర్లండు జాతీయ అశ్వశాలయందు అర్బన్ సీ మరల ఈనెను. పుట్టిన మగపిల్ల బ్రతికెను. తల్లి మాత్రము ఈనిక యనంతరము కలిగిన ఉపద్రవముచే మరణించెను. అప్పటికి ఆమె వయస్సు 20 సంవత్సరములు. ఈనిక దినమున పాకలో లాంతరు పట్టుకొని కూర్చున్న రైతునకు ఇట్టి దుఃఖము వేఱుగా వర్ణించి చెప్పనక్కఱలేదు. కోట్ల విలువగల పశువునకును, కొట్టములోని బఱ్ఱెకును ఆ గడియలో భేదము లేదు.

తల్లి పోయిన రెండు నెలలకు, మే నెలలో, సీ ద స్టార్స్ ఇంగ్లండులో రెండువేల గినీల పందెమును గెలిచెను. జూనులో డెర్బీ. జూలైలో ఎక్లిప్స్. ఆగస్టులో యార్కునందు ఇంటర్నేషనల్. సెప్టెంబరులో ఐర్లండు ఛాంపియన్. అక్టోబరులో తల్లి పదునాఱేండ్ల క్రిందట గెలిచిన ఆ ఆర్క్ పందెమునే గెలిచెను. ఆఱు నెలలలో ఆఱు ప్రథమశ్రేణి విజయములు! రెండువేల గినీలు, డెర్బీ, ఆర్క్ అను మూడింటిని ఒక్క యేట గెలిచిన గుఱ్ఱము అంతకు మున్ను లేదు. 1993 నాటి విజయమును అదృష్టమన్నవారికి ఇది కడపటి ప్రత్యుత్తరము.

ఆమె కొడుకులు విత్తనపు గుఱ్ఱములై చేసిన పని మఱియు గొప్పది. గలిలియో బ్రిటన్, ఐర్లండులలో 12 పర్యాయములు ప్రథమ జనకుడని గణింపబడి, 2021లో మరణించెను. పదునాలుగు పందెములు పరుగెత్తి పదునాలుగింటను గెలిచిన ఫ్రాంకెల్ ఆతని కొడుకు. డెర్బీ గెలిచినవారిని ఐదుగురిని కన్న ఘనత గలిలియోది. 2016లో డెర్బీ గెలిచిన హర్‌జాండ్ సీ ద స్టార్స్ కొడుకు. ఇక 2018 మొదలు 2025 వఱకు వరుసగా ఎనిమిది డెర్బీలను గెలిచిన ఎనిమిది గుఱ్ఱములలోను, తండ్రివైపుననో తల్లివైపుననో, అర్బన్ సీ రక్తమున్నది. 2018లో గెలిచిన మసార్ రెండు వైపుల నుండియు ఆమె వంశమువాడే. తండ్రివైపున గలిలియోకు మనుమడు. తల్లివైపున, మూడవదిగా వచ్చిన ఆ మెలికా కూతురికి మనుమడు. కొడుకుల కీర్తి వెలుగులో కానరాని కూతురు గూడ వంశమును మోయుచునే యుండెనని దీనివలన తెలియుచున్నది.

అమ్మివేయబడిన అల్లెగ్రెట్టా సంగతి యేమైనది? ఆమెకే 1997లో పుట్టిన కింగ్స్ బెస్ట్ 2000 సంవత్సరమున రెండువేల గినీల పందెము గెలిచెను. మఱియొక కూతురి కొడుకు అనాబా బ్లూ 2001లో ఫ్రాన్సు డెర్బీ గెలిచెను. పందెమున వెలితిగా తోచినది, పాకలో నిధియై తేలెను.

ఇందువలన తల్లి ఒక్కతెయే సర్వమని మేము చెప్పుట లేదు. పిల్లకు తల్లినుండి సగము, తండ్రినుండి సగము గుణములు వచ్చును. అర్బన్ సీని శ్రేష్ఠమైన మగగుఱ్ఱములకే దాటించిరి. మేతకును, వైద్యమునకును లోపము చేయలేదు. పందెములు గెలిచిన గోడిగలన్నియు మంచి తల్లులు గాలేదు. అర్బన్ సీ పిల్లలన్నియు గలిలియోలును గాలేదు. అయినను తల్లి చేయు పనులలో తండ్రి చేయలేనివి కొన్ని కలవు. గర్భమున పోషించుట ఆమెదే. కణములలో శక్తిని పుట్టించు మైటోకాండ్రియా యను సూక్ష్మాంశములు ఆమెనుండియే వచ్చును. తొలి ముఱ్ఱుపాలు ఆమెవే. గుఱ్ఱపుపిల్లయు, ఆవుదూడయు, బఱ్ఱెదూడయు రోగములను ఎదిరించు శక్తి దాదాపు లేకయే పుట్టును. ఆ శక్తి ముఱ్ఱుపాలలో నున్నది. దానిని గ్రహించు సామర్థ్యము దూడ ప్రేగులకు పుట్టిన కొలది గంటలే బాగుగా నుండి, ఒక దినము గడచునప్పటికి పోవును. కావున జున్నుకై ఆశపడి దూడ నోటి ముఱ్ఱుపాలను తీయకుడని సభ్యులను ప్రార్థించుచున్నాము. దూడ త్రాగగా మిగిలినదే జున్నునకు.

మన పల్లెలలో జరుగుచున్న నష్ట మేది? ఆవు రెండు మూడు ఈతలు ఈనగానే అవసరము వచ్చి అమ్మివేయుదుము. దాని పెయ్య పెరిగి, చూలు గట్టి, ఈని, కడవనిండ పాలిచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. అప్పటికి మంచి తల్లి మనయొద్ద నుండదు. ఏ సంతలో ఎవరి చేత బడెనో తెలియదు. అల్లెగ్రెట్టాను అమ్మినవారికైన, వంశావళి గ్రంథ ముండుటచే, తాము పోగొట్టుకొన్న దేదియో తెలిసెను. మనకు అదియు తెలియదు.

ఇప్పుడు ఆబోతు నెన్నుకొనుట చాలవఱకు రైతు చేతిలో లేదు. పశువైద్యశాలనుండి వచ్చు వీర్యపు గొట్టమే ఆబోతు. తల్లి మాత్రము మన కొట్టముననే యున్నది. ఎన్నుకొనుట మన చేతిలోని పని. ప్రతి సంఘమునందును ఒక ఈతల పుస్తకమును పెట్టుడు. పశువు చెవి బిళ్లపై నున్న 12 అంకెలు, దాని తల్లి సంఖ్య, వీర్యపు గొట్టముపై నున్న ఆబోతు సంఖ్య, కట్టించిన తేది, ఈనిన తేది, దూడ ఆడో మగో, నెలకొక దినము కొలిచిన పాలు, దూడ బ్రతికెనో లేదో: ఇంతమాత్రము వ్రాసిన చాలును. పాలకేంద్రమున దినదినము పాలు కొలిచి వ్రాయు గుమాస్తాకు ఇది భారము గాదు. ఒక్క రైతు పాకలో రెండు పశువులే యుండవచ్చును, సంఘమునకు వందలుండును. వందల లెక్క యొకచోట చేరిననే మంచి తల్లి యేదో తేలును. ఒంటరిగా చేయలేని దానిని కూడి చేయుటయే గదా సహకారము.

అర్బన్ సీ తన కొడుకు విజయములను చూడకయే పోయినది. ఆమె పేరు మాత్రము పుస్తకములో నున్నది గనుక పోలేదు. మన కొట్టములలో గూడ అట్టి తల్లులు ఉండియే యుందురు. రేపు ఈనబోవు పశువు పేరుతో మొదటి పుటను తెఱువుడు.