రొమ్ము పునర్నిర్మాణము: కోతకు ముందు, కోతకు తరువాత



రాచపుండు సోకిన రొమ్మును వైద్యులు తొలగింతురని మీరెరుగుదురు. తొలగించిన చోట మరల రొమ్మును నిర్మింపవచ్చునను సంగతి మన పల్నాటి పల్లెలలో కొందరికే తెలియును. నా చెల్లెలికి అట్టి చికిత్స జరిగినది. ఆసుపత్రిలో నేను చూచినదియు, వైద్యులవలన విన్నదియు మనవి చేసెదను. ఈ మాట పదుగురిలో పలుకుటకు సంకోచమేల? ఆ సంకోచముచేతనే ఎందరో స్త్రీలు గడ్డను దాచుకొని, ఆలస్యముగ వైద్యుని చేరుచున్నారు.

చెక్కిలి చర్మముతో ముక్కును కల్పించు విధమును సుశ్రుతుడు చెప్పియున్నాడు. అచట చర్మము ఒకవైపు అంటియే యుండును. ఇచట అట్లు గాదు. పొత్తికడుపునందలి చర్మమును, క్రొవ్వును రక్తనాళములతో సహా పూర్తిగ వేరుచేసి, రొమ్ము చోటికి తెచ్చి, అచటి నాళములకు కలిపి కుట్టుదురు. నాళముల వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లే; దారము వెండ్రుకకంటె సన్నము. సూక్ష్మదర్శినిలో చూచుచు కుట్టవలెను. కడుపు కండరమును తీయకయే ఈ పద్ధతిని రొమ్మునకు 1992లో అమెరికా వైద్యుడు రాబర్ట్ అలెన్ ప్రయోగించెను.

సాగరు కుడికాలువ క్రింది మడిని తలచుకొనుడు. తూము పూడిన మడి యెండును. మురుగుకాలువ పూడిన మడి కుళ్లును. ధమని తూము, సిర మురుగుకాలువ. ధమని మూసికొన్నచో ఖండము పాలిపోయి చల్లబడును. సిర మూసికొన్నచో ఉబ్బి నీలవర్ణమగును. రెండవదియే ఎక్కువగ జరుగును.

అందుచేత తొలిరాత్రి దాది గంటకొక పర్యాయము వచ్చి రంగు చూచెను, వెచ్చదనము తాకి చూచెను, వ్రేలితో అదిమి విడిచి రక్తము మరలివచ్చు వేగమును గమనించెను, డాప్లరు యంత్రముతో రక్తప్రవాహధ్వనిని వినెను. రోగికి నిద్రాభంగమని నేను విసుగుకొంటిని. తెల్లవారుజామున ఖండము నీలమగుట ఆమెయే కనిపెట్టినది. వెంటనే వైద్యులు చెల్లెలిని మరల శస్త్రశాలకు గొనిపోయి, సిరలో గడ్డకట్టిన రక్తమును తీసి, ఖండమును దక్కించిరి. కొన్ని గంటలు జాగైనచో దక్కెడిది కాదట. ఆ దాది యెదుట తలయెత్తలేకపోతిని.

కోతకు ముందు నియమములలో పొగ మానుట ముఖ్యము. పొగాకు రక్తనాళములను ముడుచుకొనజేయును, గాయమును మాననీయదు. కనీసము నాలుగు వారములకు ముందే మానవలెను. నా చెల్లెలికి ఆ యలవాటు లేదు, చుట్ట నాది. ఆమె యున్న యింట ముట్టింపవలదని వైద్యుడు నావంక చూచి చెప్పెను.

పూర్వము కోతకు ముందురాత్రినుండియే నీరు సైతము ముట్టనిచ్చెడివారు కారు. 2017లో ఎరాస్ అను వైద్యసంఘము ఈ చికిత్సకు ప్రకటించిన నియమములలో, మత్తునకు రెండు గంటల ముందువరకు తేటనీటిని అనుమతించిరి. కోతవేళ దేహమును వెచ్చగ నుంచుట, నల్లమందు జాతి మందులు తగ్గించి నొప్పిని అణచుట, ఇరువదినాలుగు గంటలలో లేపి నడిపించుట కూడ అందు గలవు. పచ్చిబాలెంతరాలివలె మంచము దిగనీయరాదని మా వదినగారు పట్టుబట్టిరి, నేనును వంతపాడితిని. కదలక పడియున్నచో కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవచ్చునని వైద్యుడు మాకు నచ్చజెప్పెను.

మరునాడు కడుపు కుట్లు లాగకుండ కొంచెము వంగి, నా చేయి పట్టుకొని, ఆమె వరండా చివరివరకు నడచినది. తిరిగివచ్చి మజ్జిగ యడిగినది.